తేజేలో వేసవంతా ఉంటే స్నేహితులు దొరుకుతారా?

జర్మనీలో మాస్టర్స్:
పరీక్షలయ్యాక ఫ్రాన్స్‌లోని తేజేకి వాలంటీరుగా వెళ్దామనుకుంటున్నా. అదే, క్రైస్తవ సన్యాసులైన బ్రదర్స్ ఉండే ఊరు, ప్రార్థనలకని దేశదేశాల యువత వస్తారే, అక్కడికి. ఫ్రెంచ్ రాదు, కొత్తవాళ్లతో కలవడానికి బిడియం. మాది లూథరన్ సంఘం, అంటే ప్రొటెస్టెంట్లం. అక్కడంతా క్యాథలిక్కులేనా?

గుంటూరు అక్క:
నిశ్చింతగా వెళ్లు తమ్ముడూ. 1940లో ఆ ఊరొచ్చి ఇదంతా మొదలుపెట్టిన బ్రదర్ రోజర్ ప్రొటెస్టెంటు పాస్టరుగారి కొడుకే. బ్రదర్స్‌లో క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఇద్దరూ ఉన్నారు.

నేను వెళ్లినప్పుడు నాకు గిన్నెలు కడిగే పని పడింది. పెద్ద పెద్ద తొట్లు, మోచేతుల దాకా సబ్బు నురగ, ఒకపక్క పోలండ్ అమ్మాయి, ఇంకోపక్క పోర్చుగల్ అబ్బాయి. ఎవరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే! పాడుకుంటూ కడిగేవాళ్లం. నాకు జ్వరమొస్తే ఆ పోలండ్ పిల్ల వేడి టీ గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని, ఒలకకుండా, వానలో నా టెంటు దాకా నడిచొచ్చింది. ఇప్పటికీ క్రిస్మస్‌కి ఫోన్ చేస్తుంది. రోజుకు మూడు ప్రార్థనలు, మధ్యలో అందరూ మౌనంగా కూర్చుంటారు. బిడియస్తులకు అదెంత ఊరటో! తిండిలో కారం ఉండదు, ఆవకాయ సీసా మర్చిపోకు.

లియోన్ నుంచి:
మామూలుగా ఆదివారం నుంచి ఆదివారం దాకా ఉంటారు. ఎక్కువకాలం ఉండాలంటే ముందే రాసి అడగాలి. ఒక్క మాట: వారంవారం జనం మారిపోతారు. దగ్గరైనవాళ్లు బస్సెక్కి వెళ్లిపోతుంటే మొదట్లో చాలా బాధేస్తుంది. వేసవంతా ఉండే తోటి వాలంటీర్లతోనే స్నేహం నిలుస్తుంది.

జర్మనీలో మాస్టర్స్:
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. ఈ రాత్రే రాస్తాను. గిన్నెల పనే కావాలని అడగొచ్చా?

గుంటూరు అక్క:
అడుగు నాన్నా. ఆ పనికి ఎప్పుడూ చేతులు చాలవు.