ఆయాలు నిలవాలంటే ముందు జీతం పెంచాలా, మనుషుల్ని పెంచాలా?

నిర్వాహకుడు: ఫీజు కట్టి ఉండే వృద్ధాశ్రమం. 30 మందిలో 10 మంది మంచం దిగలేరు. 12 గంటల డ్యూటీలు, వారానికో సెలవు, రాత్రికి ఇద్దరు ఆయాలు. మూడు నెలలు తిరక్కుండానే మానేస్తున్నారు. జీతం పెంచుదామని ట్రస్టీలు, రాత్రికి మూడో మనిషిని వేద్దామని నర్సులు. రెండూ చేసే స్తోమత లేదు. ఏది ముందు?

ఏజెన్సీ బాబు: జీతమేనండి. ఇంటికి మనిషిని పంపే ఏజెన్సీల్లో ఒక్క పెద్దామెను చూసుకుంటే ఇంతకన్నా ఎక్కువ వస్తుంది. పది మందిని ఎత్తి దించుతూ తక్కువకు ఎవరుంటారు? మీ మూడో మనిషీ అదే దారి పడుతుంది.

జీఎన్ఎం సిస్టర్: రాత్రి పని లెక్కేయండి. మంచం దిగలేనివాళ్లకు పుండ్లు పడకుండా 2 గంటలకోసారి పక్కకు తిప్పాలంటే రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా మనిషికి 6 సార్లు, పది మందికి 60. ఇద్దరూ షీటు చెరో వైపు పట్టుకుని తిప్పి, 30 డిగ్రీల వాలు ఉండేలా వీపు వెనక దిండు, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఇంకో దిండు సర్దడానికి 5 నిమిషాలు వేసుకున్నా 5 గంటలు పోయాయి. డైపర్లు, రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ఫీడ్లు, బాత్రూముకని పిలిచే మిగతా 20 మంది ఇందులో లేరు. ఒకామె అటు వెళ్తే రెండో ఆమె ఒక్కతే చంకల కింద చెయ్యి వేసి లాగుతుంది. పిరుదుల దగ్గర చర్మం ఒరుసుకుపోయి పుండు మొదలయ్యేది అప్పుడే, ఆమె నడుము పట్టేసేదీ అప్పుడే. నెలకు రెండు వేలు ఎక్కువిస్తే ఆ నడుము నొప్పి తగ్గుతుందా?

ఏజెన్సీ బాబు: ఎయిర్ బెడ్లు వేస్తే సరిపోదా?

జీఎన్ఎం సిస్టర్: వేసినా తిప్పడం మానకూడదు. పంపు ప్రెషర్ మనిషి బరువుకు తగ్గట్టు పెట్టేవాళ్లు తక్కువ. తుంటి కింద, పరుపు అడుగున అరచెయ్యి పెట్టి చూడండి. ఒక అంగుళం గాలి కూడా లేకపోతే అది ఉన్నా లేనట్టే. పైన దుప్పటి నాలుగు మడతలు వేస్తే ఉన్న ఉపయోగమూ పోతుంది. ఇంకోటి, నల్లటి ఒంటి మీద పుండుకు ముందొచ్చే ఎరుపు సరిగ్గా కనపడదు. పక్క చర్మంతో పోల్చి వేడిగా, గట్టిగా ఉందేమో తాకి చూడాలి. తిప్పిన చార్టు రాత్రంతా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే అది తెల్లారాక రాసిందే.

లెక్కల మాస్టారు: ఒక చోట రాత్రింబవళ్లు ఒక మనిషి ఉండాలంటే వారానికి 168 గంటలు. మీ పద్ధతిలో ఒక్కొక్కరు 72 గంటలు చేస్తున్నారు, అంటే 2.33 మంది. 48 గంటలకు దించితే 3.5, సెలవులు కలిపితే 4. జీతాల ఖర్చు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, అది ఫీజులోంచే రావాలి. అమెరికాలో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో అమ్మ తల దువ్వి ఉందా అని చూస్తారు గానీ, రాత్రి డ్యూటీలో ఎందరున్నారని అడగరు.

ఖమ్మం ఏఎన్ఎం: 48 అనగానే 8 గంటల షిఫ్టులకు దూకకండి సార్. రాత్రి 10కి డ్యూటీ దిగితే ఊరికి బస్సేది? 12 గంటలే ఉంచి వారానికి 4 రోజులు చేయించండి. అవీ 48 గంటలే, మనుషులూ అంతమందే, బస్సు ఛార్జీలు మాత్రం ఆరు రోజులకు బదులు నాలుగు రోజులకే.

పీఎఫ్ గుమాస్తా: ఈఎస్ఐ, అదే ఉద్యోగుల ఆరోగ్య బీమా, ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. పది మంది, అంతకు మించి ఉన్న సంస్థలో 21,000 లోపు జీతగాళ్లందరికీ కట్టాలి. ఆయా జీతం 14,000 అనుకుంటే యజమాని వాటా 3.25 శాతం, అంటే 455 రూపాయలు. ఆమె జీతంలో కోసేది 105. ఏజెన్సీ మనుషులైనా ముందు బాధ్యత మీదే. ఇంట్లో వాళ్ల వైద్యానికీ పనికొచ్చే ఆ కార్డు ఇవ్వకుండా, పారిపోకుండా అని మొదటి నెల జీతం, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకునే చోట్లున్నాయి. అక్కడ మానేసేవాళ్లు చెప్పి మానరు, డ్యూటీ ఉన్న రాత్రే రారు.

నిర్వాహకుడు: అయితే ముందు రాత్రికి మూడో మనిషి. వారానికి 84 గంటలు, అంటే 48 చొప్పున 1.75 మంది. ఇద్దరిని తీసుకుంటే సరి.

ఏజెన్సీ బాబు: తీసుకోండి. ఈ జీతానికే ప్రకటన వేయండి, ఎందరు వస్తారో ఇక్కడే చెప్పండి.