1.3 స్విఫ్ట్‌లో బయట కిట్ టర్బో పోయింది: కొత్తది బిగించే ముందు ఏం చూసుకోవాలి?

మారతహళ్ళి స్విఫ్ట్:
నమస్కారం. నా దగ్గర 2007 నాటి 1.3 లీటర్ పెట్రోల్ స్విఫ్ట్ ఉంది. నాలుగేళ్ళ కిందట దానికి బయట దొరికే టర్బో (పొగ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పరికరం) కిట్ పెట్టించాను. జర్నల్ బేరింగ్ (గుండ్లు లేకుండా, ఆయిల్ పొర మీద షాఫ్ట్ తిరిగే రకం) ఉన్న చిన్న టర్బో. చల్లదనానికి ఇంజిన్ ఆయిలే తప్ప నీళ్ళ లైన్ లేదు. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఎప్పుడూ 6 పీఎస్ఐ దాటనివ్వలేదు.

పోయిన నెల అనంతపురం నుంచి తిరిగి వస్తుంటే, బాగేపల్లి దాటాక గేరు మార్చిన ప్రతిసారీ సన్నని కూత వినిపించడం మొదలైంది. హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో కాసేపు నిలబడి కదిలేసరికి వెనక బండివాడికి దారి కనపడనంత నీలి పొగ వచ్చింది. ఇంటికి వచ్చి ఇన్‌టేక్ పైపు విప్పి చూస్తే లోపల ఆయిల్ మడుగు కట్టి ఉంది. గాలిని నెట్టే కంప్రెసర్ వీల్‌ను వేళ్ళతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే కదులుతున్నట్టు స్పష్టంగా తెలుస్తోంది. రెక్కల కొనలు ఒకవైపు అద్దంలా మెరుస్తున్నాయి.

అదే సైజు టర్బో తెచ్చి బిగిస్తే సరిపోతుందని, పూట పని అని మా మెకానిక్ అంటున్నారు. మొత్తం టర్బో కొనాలా, లేక మధ్యలోని కోర్ (షాఫ్ట్, బేరింగులు, చక్రాలు ఉండే భాగం) ఒక్కటి మార్చుకుంటే చాలా? అంతకన్నా నన్ను వేధిస్తున్న సంగతి ఏమిటంటే, ఇంత తక్కువ బూస్ట్‌తో జాగ్రత్తగా నడిపిన టర్బో నాలుగేళ్ళకే ఎందుకు పోయింది?

పీణ్య షెడ్డు:
తమ్ముడూ, ముందుగా ఒక మాట. ఆ బండిని ఇక స్టార్ట్ చేయవద్దు. ఆయిల్ లేనప్పుడు షాఫ్ట్ పక్కలకు కొద్దిగా ఊగడం జర్నల్ బేరింగ్ టర్బోకు సహజమే, ఎందుకంటే నడిచేటప్పుడు ఆయిల్ పొర నిండడానికే ఆ సందు వదిలిపెడతారు. కానీ ముందుకూ వెనక్కూ కదలిక చేతికి తెలియకూడదు. డయల్ గేజ్ పెట్టి చూస్తే ఇలాంటి చిన్న టర్బోల్లో అది 0.1 మిల్లీమీటరు దాటితే, షాఫ్ట్‌ను ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ అయిపోయినట్టే. రెక్కల కొనలు మెరుస్తున్నాయంటే వీల్ అప్పుడే హౌసింగ్‌కు రాసుకుంటోంది. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే వీల్ నుంచి ఒక ముక్క విరిగితే అది ఇంటర్‌కూలర్‌లో (టర్బో గాలిని చల్లబరిచే భాగం) ఆగుతుందన్న నమ్మకం లేదు, ఇంజిన్ దాకా పోవచ్చు.

మీరు చివర అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. దానికి జవాబు దొరక్కుండా కొత్త టర్బో బిగిస్తే అదీ ఇదే దారి పడుతుంది. మా షెడ్డుకు వచ్చే బయట కిట్లలో టర్బో తనంతట తాను పోయినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం ఆయిల్ వచ్చే దారిలోనో, పోయే దారిలోనో ఉన్న లోపం వల్ల పోయినవే.

టర్బోలో ఉండే సీళ్ళు రబ్బరువి కావు. అవి పిస్టన్ రింగుల లాంటి ఇనుప రింగులు, నిలిచిన ఆయిల్‌ను ఆపలేవు. ఆయిల్ ఒత్తిడితో లోపలికి వస్తుంది, కానీ బయటికి మాత్రం తన బరువుతోనే జారాలి, అదీ చిలికిన మజ్జిగలా నురగ కట్టి. అందుకే ఆయిల్ తిరిగి పోయే రిటర్న్ హోస్ లోపలి వ్యాసం కనీసం అర అంగుళం ఉండాలి, ఎక్కడా పల్లం పడకుండా సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దాకా దిగుతూనే పోవాలి, సంప్‌లో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. టర్బో డ్రెయిన్ రంధ్రం కూడా నిట్టనిలువుకు 35 డిగ్రీలకు మించి వాలకూడదు. వీటిలో ఏది తప్పినా ఆయిల్ వెనక్కి ఎగదన్ని సీళ్ళ గుండా బయటపడుతుంది. ఐడిల్‌లో నిలబడ్డాక పొగ రావడం నాకు ఆ అనుమానమే కలిగిస్తోంది. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీథర్ మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. రెండూ చూసి, టర్బోకు ఆయిల్ తెచ్చే ఫీడ్ లైన్ బాంజో బోల్ట్ (ఆయిల్ పారేలా లోపల బోలుగా ఉండే బోల్ట్) కూడా విప్పి ఏం కనిపించిందో రాయండి.

మారతహళ్ళి స్విఫ్ట్:
అన్నా, ఆదివారం బండిని ర్యాంపు మీదికి ఎక్కించి కింద పడుకుని చూశాను. మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది. రెండేళ్ళ కిందట ఇంజిన్ మౌంట్ మార్చినప్పుడు రిటర్న్ హోస్‌ను పక్కకు తప్పించి, దొరికిన పొడవాటి హోస్ వేసినట్టున్నారు. అది సంప్ చేరే ముందు పొట్టలా కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కుతోంది. క్లాంప్ వదులు చేసి ఆ వంపును పిండితే టీ గ్లాసు నిండా నల్లటి ఆయిల్ వచ్చింది.

బాంజో బోల్ట్ విప్పితే ఇంకా బాధేసింది. రాగి వాషర్లు ఉండాల్సిన చోట ఎర్ర సిలికాన్ పూశారు. అందులోంచి బియ్యపు గింజంత ముక్క ఊడి, బోల్ట్ పక్క రంధ్రంలో సగం అడ్డంగా కూర్చుని ఉంది. గుండుసూదితో తీస్తే రబ్బరులా సాగింది. ఇంత చిన్న ముక్క కోసమా ఇంత ఖర్చు అనిపించింది.

విల్సన్ గార్డెన్ ట్యూనర్:
ఆ ముక్కే మీ థ్రస్ట్ బేరింగ్‌ను ఎండబెట్టింది, ఆ వంపే పొగ పెట్టించింది. ఆయిల్ దారిలో సిలికాన్ గానీ టెఫ్లాన్ టేప్ గానీ ఎవరు వాడబోయినా దయచేసి ఆపించండి.

కోర్ ఒక్కటే మార్చడం మీ విషయంలో వద్దు. రెక్కలు రాసుకోవడం వల్ల హౌసింగ్ గోడ అరిగి ఉంటుంది. కొత్త కోర్ వేసినా వీల్‌కూ గోడకూ మధ్య సందు పెరిగిపోయి బూస్ట్ సరిగా రాదు. గోడ మీద గోటికి తగిలే గీత లేని బండ్లకైతే, బ్యాలెన్స్ చేసిన కోర్ మంచి పరిష్కారమే.

ఇంకొక పొరపాటు చేయకండి. బాల్ బేరింగ్ టర్బోలకు ఆయిల్ ఒత్తిడి ఎక్కువైతే ఆయిల్‌ను తగ్గించే 0.9 మిల్లీమీటరు రంధ్రపు రిస్ట్రిక్టర్ వేస్తారు. అది చూసి మీ జర్నల్ బేరింగ్ టర్బోకూ వేయిస్తే అదే ఆయిల్ కరవు మళ్ళీ మొదలవుతుంది.

ఇంటర్‌కూలర్, పైపులు విప్పి కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఇన్‌టేక్‌లో మిగిలిన ఆయిల్ పెట్రోల్‌తో కలిసి నాకింగ్‌కు (పెట్రోల్ మిశ్రమం తనంతట తానే అంటుకుని ఇంజిన్ కొట్టుకోవడం) దారితీస్తుంది, 6 పీఎస్ఐ దగ్గర కూడా. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేసి, కంప్రెషన్ (సిలిండర్లలో ఏర్పడే ఒత్తిడి) చూపించండి. పిస్టన్ రింగులు అరిగి బ్లో-బై (సిలిండర్ వాయువులు కిందికి జారడం) ఎక్కువగా ఉంటే సంప్‌లో గాలి ఒత్తిడి పెరిగి, ఎంత మంచి రిటర్న్ హోస్ వేసినా పొగ ఆగదు.

బిగించాక వెంటనే స్టార్ట్ చేయకండి. ఫీడ్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి వీల్‌ను చేత్తో తిప్పండి. తర్వాత ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసేసి, రిటర్న్ హోస్ కింద డబ్బా పెట్టి, ఆయిల్ ధారగా పడేదాకా పది పదిహేను సెకన్ల చొప్పున క్రాంక్ చేయండి (స్టార్టర్‌తో ఇంజిన్‌ను ఊరికే తిప్పండి). స్టార్ట్ చేశాక కొన్ని నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచి, యాక్సిలరేటర్ తొక్కకుండా ప్రతి జాయింటూ లైటు వేసి చూడండి. నీళ్ళ లైన్ లేదు కనుక, హైవే మీద గట్టిగా నడిపి వచ్చినప్పుడు ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. లేకపోతే వేడికి బేరింగ్ చుట్టూ ఉన్న ఆయిల్, అడుగంటిన పాలలా మాడి పెంకు కడుతుంది.

మారతహళ్ళి స్విఫ్ట్:
అందరికీ కృతజ్ఞతలు. కొత్త టర్బో, కొత్త ఫీడ్ లైన్, రాగి వాషర్లు వేయించాను. సంప్‌కు రిటర్న్ ఫిట్టింగ్ పైన ఇంకో చోట వెల్డింగ్ చేయించడంతో ఇప్పుడు హోస్ జానెడు పొడవే ఉంది, తిన్నగా కిందికే దిగుతోంది. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ దాదాపు సమానంగా వచ్చింది. క్రాంక్ చేసేటప్పుడు మూడోసారికి గానీ ధార రాలేదు. ఆ కాసేపూ ఊపిరి బిగబట్టాను.

900 కిలోమీటర్లు తిరిగాక నిన్న ఇన్‌టేక్ పైపు విప్పి లోపల వేలు పెట్టి తుడిచాను. వేలు పొడిగానే ఉంది. మానిఫోల్డ్ నట్లు వేడికి వదులవుతాయని మా మెకానిక్ అన్నారు, అందుకని రేపు ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి బిగించబోతున్నాము.