మూడు మాత్రలు వేసినా 9.8: ఇన్సులిన్ ఇప్పుడేనా, ఇంకా ఆగాలా?

ఖమ్మం కుర్రాడు:
నాన్నకు 58 ఏళ్లు, షుగర్ వచ్చి పదకొండేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, సిటాగ్లిప్టిన్ మూడూ వాడుతున్నారు. మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.8, పరగడుపున 240. ఒక డాక్టర్ రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెడదామన్నారు. ఇంకొకరు డపాగ్లిఫ్లోజిన్ (షుగర్‌ను మూత్రంలో పంపించే మాత్ర) కలిపి మూడు నెలలు చూద్దామన్నారు. ఎవరి మాట వినాలి?

గోదావరి గట్టు:
సూది ఒకసారి మొదలైతే మానడం ఉండదు బ్రదర్. మా పెదనాన్నకు ఇన్సులిన్ మొదలుపెట్టిన రెండేళ్లకే కిడ్నీలు పోయాయి. మాత్రలతో నెట్టుకొచ్చినంత కాలం నెట్టుకురావడమే మేలు.

తెల్లకోటు (జనరల్ ఫిజీషియన్):
గట్టు గారూ, కిడ్నీలను దెబ్బతీసేది ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్. మన దగ్గర ఇన్సులిన్ ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి, తర్వాత ఏం జరిగినా నింద దానిమీదే పడుతుంది.

బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వచ్చిన యూకేపీడీఎస్ అధ్యయనంలో తేలిందేమిటంటే, షుగర్ బయటపడేనాటికే బీటా కణాల (క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల) సామర్థ్యం సుమారు సగానికి పడిపోయి ఉంటుంది. ఆ తర్వాతా తగ్గుతూనే పోతుంది. గ్లిమిపిరైడ్ చేసేది ఆ మిగిలిన కణాలను పిండడమే. పిండడానికి ఏమీ మిగలనప్పుడు డోసు పెంచి లాభం లేదు.

మానడం ఉండదన్నదీ అందరికీ వర్తించదు. ఆపరేషన్‌కో, ఇన్ఫెక్షన్‌కో, స్టెరాయిడ్లు వాడేటప్పుడో ఇన్సులిన్ ఇచ్చి తర్వాత ఆపేయడం మాకు మామూలే. పదకొండేళ్ల షుగర్‌లో మాత్రం ఆపగలమని మాట ఇవ్వలేను.

కుర్రాడు గారూ, 9.8 ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. హెచ్‌బీఏ1సీ 10 దాటినా, షుగర్ 300 దాటినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఇన్సులిన్ గురించి ఆలోచించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచన. నాన్నగారి బరువు ఎలా ఉంది?

ఖమ్మం కుర్రాడు:
ఈ ఆరు నెలల్లో ఆరేడు కిలోలు తగ్గారు. వాకింగ్ వల్లేనని ఆయన తెగ సంబరపడుతున్నారు.

డాలస్ బాబాయ్:
ఇక్కడైతే ఇన్సులిన్ కంటే ముందు వారానికోసారి వేసే, ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. టిర్జెపటైడ్ 2025 మార్చి నుంచి ఇండియాలోనూ దొరుకుతోంది. ముందే ఇన్సులిన్ మొదలుపెడితే గుండెకు మేలేమో అని 12 వేల మందికి పైగా మీద చేసిన ఆరిజిన్ అధ్యయనంలో (2012) మేలూ లేదు, కీడూ లేదని తేలింది. బరువు, లో షుగర్ మాత్రం పెరిగాయి. అలాంటప్పుడు తొందరెందుకు?

తెల్లకోటు:
లావుగా ఉన్నవారి విషయంలో మీతో నాకు పేచీ లేదు, ఖర్చు సంగతి పక్కన పెడితే. కానీ ఈయన చిక్కిపోతున్నారు. ఇన్సులిన్ చాలకపోతే శరీరం కొవ్వుతోపాటు కండనూ కరిగించుకుంటుంది. ఆకలి చంపే ఇంజెక్షన్ ఇప్పుడు ఇవ్వకూడదు. డపాగ్లిఫ్లోజిన్ గుండెకూ కిడ్నీలకూ మంచి మందే. అయితే ఈ స్థితిలో ఇన్సులిన్ లేకుండా ఇస్తే, షుగర్ పెద్దగా కనిపించకపోయినా కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగే ప్రమాదం ఉంది. నా ఓటు మొదటి డాక్టర్‌కే. సొంత ఇన్సులిన్ ఎంత మిగిలిందో చెప్పే సీ-పెప్టైడ్, శరీరమే ఆ కణాలను దెబ్బతీస్తోందా అని చూసే గ్యాడ్ యాంటీబాడీ పరీక్షల గురించి అడగండి. ఇంత బరువు తగ్గారు కాబట్టి టీబీ పరీక్ష, కడుపు స్కానింగ్ సంగతి కూడా అడగండి.

నల్లగొండ టీచరమ్మ:
డాక్టర్ గారూ, మా అమ్మకు 76. ఒక్కతే ఉంటుంది. రాత్రి సూది వేసుకుని అన్నం సరిగా తినక, తెల్లారేసరికి 48కి పడిపోయింది. పక్కింటివాళ్లు చూడబట్టి బతికింది. లో షుగర్ అంటే ఏమిటో ముందు ఒక్కరూ చెప్పలేదు. షుగర్‌ను మరీ దించబోయి అకార్డ్ అధ్యయనంలో మరణాలు పెరిగి 2008లో ఆ భాగాన్నే ఆపేశారు కదా. అందరికీ హెచ్‌బీఏ1సీ 7 లక్ష్యం ఎందుకు?

తెల్లకోటు:
అక్కర్లేదమ్మా. ఆ వయసులో, ఒంటరిగా ఉన్నవారికి 8 దగ్గర ఉన్నా నేను ఒప్పుకుంటాను. సూది మొదలుపెట్టేవాళ్లు గ్లూకోమీటర్ కొనిపించాలి, 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలని ఇంట్లో అందరికీ చెప్పాలి. అది చెప్పే తీరిక లేని డాక్టర్ ఇన్సులిన్ రాయకపోవడమే నయం.

ఖమ్మం కుర్రాడు:
10 యూనిట్లతో మొదలన్నారు. అది ఎక్కువా?

తెల్లకోటు:
మామూలు ఆరంభమే. పరగడుపు షుగర్ చూస్తూ మూడు రోజులకోసారి 2 యూనిట్ల చొప్పున పెంచుతారు. గ్లిమిపిరైడ్ తగ్గించాలా అని తప్పకుండా అడగండి. సీసా కొంటే దాని మీద (మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లో చెప్పే అంకె) 40 అని ఉందో, 100 అని ఉందో చూసి, అదే అంకె ఉన్న సిరంజి తీసుకోండి. 40 సిరంజితో 100 మందు తీస్తే రెండున్నర రెట్లు ఎక్కిపోతుంది.