రాజు పక్షాన ఉండి ఊరొదిలిన ఎడ్వర్డ్ విన్‌స్లో: శరణార్థా, దొరా?

ప్రయాణికుడు:
కెనడాలో సెయింట్ జాన్‌కి చదువుకోసం వచ్చాను. ఇక్కడ ట్రినిటీ చర్చిలో సింహం, యూనికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) ఉన్న పాత బ్రిటిష్ రాజముద్ర ఉంది. బోస్టన్ నుంచి విన్‌స్లో అనే ఆయన తెచ్చాడట. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమంటే మనం చదివింది వాషింగ్టన్ వైపు కథే కదా, మరి ఓడిపోయి ఇటు వచ్చినవాళ్ళు ఎలా బతికారు?

పాతకాగితాలు:
మంచి మనిషిని పట్టుకున్నారు. 1620లో ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో అమెరికా వచ్చిన వాళ్ళ వంశం, అక్కడి ప్లిమత్‌లో పెద్దింటి బిడ్డ, హార్వర్డ్ చదువు. 1775 ఏప్రిల్ 19న, యుద్ధం మొదలైన లెక్సింగ్టన్ పోరులో బ్రిటిష్ సేనకి దారి చూపించాడు, ఎక్కిన గుర్రం కాల్పుల్లో పోయింది. ఇక సొంతూళ్ళో ఉండనిస్తారా? 1776 మార్చిలో బ్రిటిష్ సైన్యంతోపాటు బోస్టన్ వదిలి, బ్రిటిష్ వాళ్ళ నోవా స్కోషియా రాజధాని హాలిఫాక్స్ చేరాడు. యుద్ధమంతా లాయలిస్టు (అంటే రాజు పక్షాన నిలిచిన అమెరికన్ల) దళాల హాజరు లెక్కలు చూసే ఉద్యోగం.

1783లో ఆ దళాలకి భూములు వెతకడానికి నోవా స్కోషియా వచ్చాక అసలు రాజకీయం మొదలైంది. హాలిఫాక్స్ వాళ్ళు మనల్ని పట్టించుకోరు, సెయింట్ జాన్ నది వైపు వేరే రాష్ట్రం కావాలని గట్టిగా పట్టుబట్టిన వాళ్ళలో ఈయనొకడు. మన రాష్ట్రాన్ని చూసి అమెరికా వాళ్ళు ఈర్ష్యపడాలి అని స్నేహితుడు వార్డ్ చిప్‌మన్‌కి ఉత్తరం కూడా రాశాడు. 1784లో ఆ వేరే రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్ పేరుతో ఏర్పడింది, ఈయన గవర్నరుకి సలహా ఇచ్చే కౌన్సిల్‌లో సభ్యుడయ్యాడు. లాయరు కాకపోయినా 1807లో సుప్రీంకోర్టు జడ్జి! 1808లో కొద్దికాలం ప్రభుత్వాన్నే నడిపాడు. అప్పులు మాత్రం వదల్లేదు. 1815లో పోయాడు.

గట్టుమీదిపిల్ల:
అంతా బాగుంది గానీ, శరణార్థి అంటే ఒకే రకం కాదండీ. 1783లో ఇలాంటి పెద్దమనుషులు 55 మంది తలా 5,000 ఎకరాలు అడిగితే, మామూలు లాయలిస్టులే ఇదేం న్యాయమని మండిపడ్డారు. అదే యుద్ధంలో బ్రిటిష్ వైపు వస్తే స్వేచ్ఛ ఇస్తామన్న మాట నమ్మి వచ్చిన నల్లవాళ్ళు సుమారు 3,000 మంది ఉన్నారు. 1785లో సెయింట్ జాన్ నగర చార్టర్ (నగరాన్ని ఏర్పరిచిన అధికార పత్రం) వాళ్ళకి ఓటు హక్కు, వ్యాపార హక్కు లేకుండా చేసింది. ఒకప్పుడు బానిసగా ఉన్న థామస్ పీటర్స్ ఈ గోడు చెప్పుకోవడానికి లండన్ దాకా వెళ్ళాడు. 1792లో దాదాపు 1,200 మంది విసిగిపోయి హాలిఫాక్స్ నుంచి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కి ఓడలెక్కారు, అంటే వీళ్ళకి రెండోసారి వలస. విన్‌స్లోకి కుర్చీ దొరికింది, పీటర్స్‌కి సరైన భూమి కూడా దొరకలేదు.

పాతకాగితాలు:
ఒప్పుకుంటాను, నేను కౌన్సిల్ దగ్గరే ఆగిపోయాను. ఆయన ఆశించింది దొరల రాష్ట్రమే. అలాగని నాటకం ఆడాడని కూడా అనలేను. అక్టోబరు చలిలో దిగిన పాత సైనికులు నీడ లేక ఏడుస్తుంటే చూడలేకపోయానని ఉత్తరాల్లో రాసుకున్నాడు.

ప్రయాణికుడు:
మరి రాజముద్ర?

పాతకాగితాలు:
అదా! ఆ సింహం, యూనికార్న్ కూడా నాతో పారిపోయి వచ్చిన శరణార్థులే, న్యూ బ్రన్స్‌విక్‌లో చోటడిగే హక్కు వాటికీ ఉందని ఓ ఉత్తరంలో సరదాగా రాశాడు.