దూడకు రోజుకు నాలుగు లీటర్లు చాలా? ఎనిమిది పొయ్యాలా?

కవ్వం:
తల్లి దగ్గర వదలకుండా చేత్తో పాలు పట్టే ఆవుదూడల సంగతి అడుగుతున్నాను. పుట్టినప్పుడు 40 కిలోలున్న పెయ్యకు బరువులో పదో వంతు, అంటే రోజుకు 4 లీటర్లు, పొద్దున రెండు సాయంత్రం రెండు చాలన్నది పాత లెక్క. ఇప్పుడు 8 లీటర్ల దాకా పొయ్యమంటున్నారు. ఒకే దూడకు ఇంత తేడా ఎలా? కారణంతో సహా చెప్పండి.

దావణి:
నాలుగే. ఆవు పొట్టకు నాలుగు అరలు, పాలు అరిగేది నాలుగో పొట్టలో. అందులో పట్టేది రెండు లీటర్లు. ఎక్కువ పోస్తే మేత పులిసే మొదటి అర, అంటే పెద్దపొట్టలోకి పొర్లి అక్కడ పులుస్తాయి. కడుపు ఉబ్బుతుంది, పేడ బంకమట్టిలా వస్తుంది, వెంట్రుకలు ఊడతాయి. ఇంకోటి, కడుపు నిండా పాలు తాగిన దూడ దాణా ముట్టదు. పెద్దపొట్ట లోపలి కేసరాలు, అంటే సారం పీల్చే సన్నని మొలకలు, పాలతో పెరగవు, దాణా పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలతో పెరుగుతాయి. దాణా అలవాటు కాని దూడకు రెండు నెలలకు పాలు మాన్పిస్తే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

పలుపు:
మాది గేదెదూడ. ఈ లెక్క దానికీ పనికొస్తుందా?

నెమరు:
దావణి గారూ, దాణా గురించి మీరు చెప్పింది నిజం. పాల గురించి చెప్పింది కాదు. 40 కిలోల దూడ పెరగకుండా ఊరికే బతికుండటానికే రోజుకు రెండున్నర లీటర్ల ఆవుపాలు కావాలి. నాలుగు పోస్తే మిగిలేది లీటరున్నర. దాంతో రోజుకు మూడు నాలుగు వందల గ్రాములు పెరగొచ్చు. చలి పడితే అదీ ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే పోతుంది. మొదటి వారాల్లో గాలి 15 డిగ్రీల కిందికి దిగితే చాలు, దూడకు చలే.

56 రోజుల్లో పుట్టిన బరువు రెట్టింపు కావాలంటే 40 కిలోలు పెరగాలి. అంటే రోజుకు 700 గ్రాముల పైమాటే. నాలుగు లీటర్లతో అది సాగదు. మొదటి మూడు వారాలు దూడ దాణా తినేది గుప్పెడు, ఆ లోటు దాణా తీర్చదు.

ఇక రెండు లీటర్ల పొట్ట. 2016లో నార్వేలో పరిశోధకులు మూడు వారాల దూడలను ఇష్టమొచ్చినంత తాగనిచ్చి ఎక్స్‌రే తీశారు. ఒక్క విడతలో ఆరు లీటర్లు దాటి తాగిన దూడకు కూడా పాలు పెద్దపొట్టలోకి పొర్లలేదు. నాలుగో పొట్ట సాగుతుంది.

ముర్రుపాలు:
ముందు మొదటి పూట మాట్లాడండి. పుట్టిన రెండు గంటల్లోపు ముర్రుపాలు, బరువులో పదో వంతు, తాగించకపోతే తర్వాత నాలుగు పోసినా ఎనిమిది పోసినా ఒకటే. ఆవు మాయలోంచి రోగనిరోధక శక్తి దూడకు చేరదు. పేగు ఆ రక్షణను లోపలికి తీసుకునేది ఒక్క రోజే, అదీ గంట గంటకీ తగ్గిపోతూ.

దావణి:
నార్వే దూడలు సీసాకు పెట్టే రబ్బరు చన్నుతో తాగాయా, బకెట్‌లో మూతి పెట్టి తాగాయా? అది చెప్పండి ముందు.

నెమరు:
చన్నుతోనే.

దావణి:
చూశారా! మెడ చాచి చన్ను చీకితే అన్నవాహిక గాడి సరిగా మూసుకుని పాలు నేరుగా నాలుగో పొట్టకు వెళ్తాయి. బకెట్‌లో తల వంచి గటగట తాగే దూడకు ఆ గాడి ప్రతిసారీ సరిగా మూసుకోదు. ఎక్కువమంది పట్టేది బకెట్‌తోనే. మీ ఎక్స్‌రే వాళ్లకు పనికిరాదు.

నెమరు:
అయితే చన్ను పెట్టమని చెప్పాలి, పాలు తగ్గించమని కాదు. చన్ను నేలకు రెండడుగుల ఎత్తున ఉండాలి. సీసా తలకిందులు చేస్తే పాలు చుక్కచుక్కగా రాలాలి, ధార కట్టకూడదు. ధార కడితే రంధ్రం అరిగిపోయినట్టే, మార్చాలి. పాలు 38, 39 డిగ్రీల వేడిలో ఉండాలి, రోజూ అదే వేళకు. చన్ను నిదానంగా చీకిన దూడ పక్క దూడ చెవినీ బొడ్డునీ చీకదు. బకెట్ దూడలకు ఆ జబ్బు ఎక్కువ.

దావణి:
చన్ను కడిగేదెవరు? లోపల పాలజిడ్డు అంటుకుంటుంది, రెండు రోజులు వదిలేస్తే క్రిముల పుట్ట. ముందే సలసల కాగే నీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు గట్టిపడి ఇంకా అతుక్కుంటాయి. గోరువెచ్చని నీళ్లతో తొలిచి, తర్వాత వేడినీళ్లలో సబ్బుతో బ్రష్ పెట్టి రుద్ది, బోర్లించి ఆరబెట్టాలి. రెండు పూటలా. ఎనిమిది లీటర్లంటే మూడు పూటలా. బకెట్ అయితే చెయ్యి పెట్టి తోమేస్తారు.

పలుపు:
గేదెదూడ సంగతి ఎవరూ చెప్పలేదు.

కవ్వం:
పలుపు గారూ, గేదెపాలలో వెన్న ఏడు శాతం దరిదాపు, ఆవుపాలకు రెట్టింపు. కాబట్టి లీటర్ల లెక్క అలాగే ఎత్తిపెట్టకండి, తక్కువతోనే అదే శక్తి అందుతుంది. గేదెదూడకు అంతకన్నా పెద్ద గండం ఏలికపాములు. తల్లిపాలలోంచే దిగుతాయి. రెండో వారంలో నట్టల మందు తాగించాలి, మోతాదు బరువును బట్టి వైద్యుణ్ణి అడగండి. ఈ పాములున్న దూడ పారుకుంటే పాలు ఎక్కువయ్యాయని తగ్గించేస్తారు, అది ఇంకా చిక్కిపోతుంది.

నెమరు:
కవ్వం గారు చెప్పిందే నేనూ అంటున్నా. పారుడు వచ్చిందంటే నింద పాల మీదే. మొదటి నాలుగైదు రోజుల్లో వచ్చేది ఎక్కువగా ఈకోలై అనే బ్యాక్టీరియా వల్ల. ఆ తర్వాత మూడు వారాల దాకా పశువుల రోటా, కరోనా వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. ఇవన్నీ పేడలోంచి నోట్లోకి వెళ్లేవి. ఎక్కువ పాలు తాగే దూడ పేడ కాస్త మెత్తగా ఉంటుంది, అది రోగం కాదు. నీళ్లలా కారి, దూడ లేవక, కళ్లు గుంటలు పడితే అది రోగం.

దావణి:
పారుడు పట్టిన దూడకు ఒక రోజు పాలు ఆపితే పేగుకు విశ్రాంతి. అందరూ చేసేదే.

నెమరు:
ఆపకండి, దయచేసి. ఆ దూడ చచ్చేది నీళ్లూ ఉప్పూ పోయి, ఆకలితో. పాలు మామూలు వేళలకే ఇస్తూ, మధ్యలో రెండు లీటర్ల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు ఉప్పు-గ్లూకోజు ద్రావణం పట్టాలి. సోడా ఉప్పున్న ద్రావణాన్ని పాలలో కలపకూడదు, నాలుగో పొట్టలో పాలు గడ్డకట్టవు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. చీకలేని దూడకు వైద్యుడు నరంలోకి ద్రావణం ఎక్కించాల్సిందే. 24 గంటలు పస్తు పెడితే పేగు కోలుకోదు, దూడ కరిగిపోతుంది. ఈ ఆపడం అనే అలవాటే దూడలను చంపుతోంది.

దావణి:
చంపుతోంది అంటే నా మీదకే అన్నమాట. ఎనిమిది లీటర్లు పొయ్యమని రాసేవాళ్లు రాత్రి రెండింటికి పారుడు కడగడానికి రారు.

నెమరు:
మీ నాలుగు లీటర్లు దూడ ఆకలిని చూసి కట్టిన లెక్క కాదు, అమ్మకానికి ఎన్ని లీటర్లు మిగలాలో చూసి కట్టింది. ఆ మాట ఒప్పుకుంటే మిగతాది మాట్లాడుకోవచ్చు.

దావణి:
ఒప్పుకుంటాను. అందులో తప్పేముంది? రోజుకు అదనంగా నాలుగు లీటర్లు, అరవై రోజులు, ఒక్క దూడకు 240 లీటర్లు. ఆ పాలు ఈ నెల ఇంటి ఖర్చు. పెయ్య ఈని పాలిచ్చేది ఇంకో రెండేళ్లకు. ఈలోపు చూలు కట్టకపోవచ్చు, చావొచ్చు, అమ్మాల్సి రావొచ్చు. మోసేవాడు ఈ రోజు మోస్తాడు, లాభం వస్తే అప్పటికి ఎవరి చేతిలో ఉంటుందో. మీరు పొట్ట గురించి మాట్లాడుతున్నారు, నేను ఆ రెండేళ్ల గురించి మాట్లాడుతున్నాను.

నెమరు:
ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. 2012లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు తమ మందలో లెక్క తీశారు. పాలు తాగే రోజుల్లో రోజువారీ పెరుగుదల కిలో ఎక్కువైతే, మొదటి ఈతలో 850 కిలోల పాలు ఎక్కువ. నాలుగు లీటర్ల దూడకూ ఎనిమిది లీటర్ల దూడకూ తేడా రోజుకు 400 గ్రాములే అనుకున్నా 340 కిలోలు. మీ 240 లీటర్లు ఒక్క ఈతలో తిరిగొస్తాయి. త్వరగా ఎదకు రావడం వేరే.

దావణి:
అది మేలుజాతి మంద, పుష్టిగా మేతా వైద్యమూ ఉన్నచోట. బాగా చూసుకున్న దూడ ఎలాగూ బాగా పెరుగుతుంది, తర్వాత బాగా పాలిస్తుంది. అంతా పాలవల్లే అని ఎలా అంటారు? సంవత్సరం వయసులో మేత చాలకపోతే ఆ 400 గ్రాములూ నీళ్లపాలే.

నెమరు:
అందుకే చూసుకోగలిగినన్ని దూడలనే ఉంచుకోండి. నాలుగింటిని సగం కడుపుతో పెంచేకన్నా రెండింటిని నిండా పెంచడం మేలు.

ముర్రుపాలు:
మరి ఆ మిగతా రెండూ? అందులో కోడెదూడలుంటే?

కవ్వం:
ఆ ప్రశ్నకు వేరే చర్చ పెడదాం, ఇందులో ఒదగదు. నేను ఆరు లీటర్లతో, మూడు పూటలా, చన్నుతో మొదలుపెడతాను. మాన్పించేది ఎలా?

నెమరు:
మూడో రోజు నుంచే బకెట్ నిండా మంచినీళ్లు పెట్టండి. పాలు పెద్దపొట్టలోకి వెళ్లవు, నీళ్లే వెళ్తాయి, నీళ్లు లేకపోతే దాణా పులవదు. 18 నుంచి 20 శాతం మాంసకృత్తులున్న దాణా గుప్పెడు పెట్టి, మిగిలింది రోజూ తీసేసి కొత్తది వెయ్యండి. ఆరో వారం తర్వాత పదీ పద్నాలుగు రోజుల్లో పాలు మెల్లగా తగ్గించండి. వరుసగా మూడు రోజులు కిలో దాణా తింటేనే పూర్తిగా ఆపాలి.

దావణి:
ఎనిమిది తాగిన దూడకు కిలో చాలదు, కిలోన్నర తినేదాకా ఆగండి. పాలు ఆపిన వారంలోనే కొట్టం మార్చడం, కొమ్ములు కాల్చడం పెట్టుకోకండి. ఎండుగడ్డి మొదట్లో కొద్దిగానే, లేదంటే పొట్ట గడ్డితో నిండి దాణా తగ్గుతుంది.

నెమరు:
కిలోన్నర అంటే నేనూ కాదనను.