వయ్యారిభామ పీకితే ముట్టుకోని చోట దద్దుర్లు ఎందుకు?

పెరటిపిచ్చి:
ఇంటి పక్క ఖాళీ జాగా నిండా వయ్యారిభామ. గ్లవ్స్ వేసుకునే పీకుతున్నాను. అయినా మర్నాటికల్లా కనురెప్పలు వాచి, మెడ చుట్టూ ఎర్రగా దద్దుర్లు, ఒకటే దురద. చేతులకు మాత్రం ఏమీ లేదు! ముట్టుకోని చోట ఎలా వస్తోంది? వదిలేద్దామంటే పూతకొచ్చేలా ఉంది.

సూటిమాట:
ఎండబెట్టి తగలబెట్టేయండి, పీడా పోతుంది.

కలుపుమనిషి:
తగలబెట్టొద్దండీ. ఎండినా దాని గుణం పోదు, పొగతోపాటు ఆ పొడి మొహానికే వస్తుంది.

ఆకుల మీది సన్నని నూగులో పార్థినిన్ అనే పదార్థం ఉంటుంది. పీకేటప్పుడు ఆ నూగు, ఎండుముక్కల పొడి గాల్లోకి లేచి కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో చేరతాయి. మీ చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, మెడకు ఏముంది? పైగా ఇది అలర్జీ, ఒకటి రెండు రోజులు ఆగి కూడా బయటపడుతుంది. అందుకే చాలామంది వేరేదేదో కారణం అనుకుంటారు.

నేనైతే వాన పడ్డాక, నేల మెత్తగా ఉన్నప్పుడే దిగుతాను. తడి మీద పొడి లేవదు, వేరుతో సహా ఊడొస్తుంది. పొడుగు చేతుల చొక్కా, మెడకు తుండు, కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. గ్లవ్స్‌తో చెమట తుడుచుకోవద్దు, అసలు తంటా అక్కడే. పని కాగానే బట్టలు విడిగా నానేసి, సబ్బుతో స్నానం. పూతకు ముందే పీకేయండి, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది.

సూటిమాట:
దూలగొండికీ ఇదే వైద్యమా?

కలుపుమనిషి:
దాని కథ వేరు. కాయ మీది నూగు చర్మంలో గుచ్చుకుంటుంది, అలర్జీ లేనివాళ్లకూ వెంటనే దురదే. గోకితే ఇంకా లోపలికి దిగుతుంది. ముందు అతుక్కునే టేపు అంటించి లాగేయాలి, కడగడం ఆ తర్వాత.

పెరటిపిచ్చి:
థాంక్సండీ. కనురెప్పలకు ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ క్రీమ్ రాయొచ్చా? మిగతా పనికి తమ్ముణ్ణి దింపుతాను, వాడికి ఏ అలర్జీ లేదు.

కలుపుమనిషి:
కళ్ల దగ్గర సొంతంగా స్టెరాయిడ్ వద్దు, చర్మం డాక్టరుకు చూపించండి. ప్యాచ్ టెస్ట్ (అనుమానం ఉన్న పదార్థాన్ని చర్మం మీద అంటించి చూసే పరీక్ష) చేస్తే దీనివల్లేనా కాదా తేలుతుంది. తమ్ముడికీ మాస్కు, తుండు ఇచ్చి పంపండి. ఏళ్ల తరబడి ఏమీ కానివాళ్లకు కూడా ఉన్నట్టుండి మొదలవుతుందిది.