మాడ్రిడ్‌కి పదిహేను కప్పులు: లెక్కా, లక్కా?

సీతమ్మధార_7:

నిన్న, అంటే 2025 జూలై 9 రాత్రి, పన్నెండున్నరకి అలారం పెట్టుకుని మరీ లేచాను. క్లబ్ వరల్డ్ కప్ సెమీఫైనల్, రియల్ మాడ్రిడ్‌కీ పారిస్ క్లబ్ పీఎస్‌జీకీ. టీ పెట్టుకుని వచ్చేసరికి రెండు గోల్స్ పడిపోయాయి. టీ చల్లారేలోపు మూడోది. మొత్తానికి 4-0. పొద్దున్న ఆఫీసు లిఫ్ట్‌లో ఒక పెద్దమనిషి "ఇంక మీ మాడ్రిడ్ పనైపోయింది" అన్నాడు. ఆయన మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని. మొన్న ముగిసిన ప్రీమియర్ లీగ్‌లో వాళ్లది పదిహేనో స్థానం. ఇంకేం చెప్పను.

నా ప్రశ్న ఇది. 2014 నుంచి 2024 దాకా పదకొండు సీజన్లలో మాడ్రిడ్ ఆరుసార్లు ఛాంపియన్స్ లీగ్, అంటే యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు, గెలిచింది. ఆ మధ్యలో బార్సిలోనా, బయర్న్, లివర్‌పూల్, చెల్సీ, మాంచెస్టర్ సిటీ తలో ఒక్కసారి. మొదట్నుంచీ లెక్క చూస్తే మాడ్రిడ్‌కి 15, దాని తర్వాత ఉన్న ఏసీ మిలాన్‌కి 7. డబ్బే కారణం అందామా? పీఎస్‌జీకి ఖతార్ డబ్బు 2011లోనే వచ్చింది, కప్పు చేతికి రావడానికి 2025 దాకా పట్టింది. అందరూ ఖర్చు పెడుతుంటే వీళ్లకే ఎందుకు కుదిరింది? "రాజసం", "డీఎన్ఏ" లాంటి మాటలు వద్దు. కారణం చెప్పండి.

గాజువాక_రెడ్‌డెవిల్:

ఆ పెద్దమనిషిని నేనే. లిఫ్ట్‌లో మాట బజార్న పెట్టావు కాబట్టి జవాబు కూడా బజార్లోనే ఇస్తాను.

మాకు శని 2005లో పట్టింది. గ్లేజర్ కుటుంబం అప్పు తెచ్చి క్లబ్ కొనుక్కుంది, ఆ అప్పులో పెద్ద వాటా క్లబ్ నెత్తినే రుద్దింది. ఓనరు ఇల్లు కొన్న అప్పుకి అద్దెకున్నవాళ్ల చేత వడ్డీ కట్టించినట్టు. మాడ్రిడ్‌కి అలాంటి యజమాని లేడు. క్లబ్ సభ్యులది. లాభం పట్టుకుపోయేవాడు లేడు కాబట్టి వచ్చినదంతా మళ్లీ ఆటలోకే పోతుంది. ఇంతే తేడా గురూ.

ఎంవీపీ_కాటలాన్:

బార్సిలోనా కూడా సభ్యుల క్లబ్బే కదా అన్నా! మరి మా గతి ఏమైంది?

2017లో నేమార్‌ని పీఎస్‌జీ 222 మిలియన్ యూరోలకు ఎత్తుకుపోయింది. చేతిలో డబ్బుందని ఊరందరికీ తెలిశాక బేరం ఎలా ఉంటుందో పూర్ణా మార్కెట్‌కి వెళ్లే ఎవర్నడిగినా చెప్తారు. డెంబెలె, కూటిన్యో, ఆ తర్వాత గ్రీజ్మన్, ముగ్గురికీ వంద మిలియన్ పైమాటే. 2020 ఆగస్టులో బయర్న్ మమ్మల్ని 8-2తో చితక్కొట్టింది. చివరి రెండు గోల్స్ ఎవరు వేశారనుకుంటున్నారు? మేమే బయర్న్‌కి అద్దెకిచ్చిన కూటిన్యో. ఆటగాడు మావాడు, గోల్ వాళ్లది. మరుసటి ఏడు మెస్సీ ఏడుస్తూ వెళ్లిపోయాడు. అప్పటికి అప్పు 1.35 బిలియన్ యూరోలని అధ్యక్షుడు లాపోర్టా స్వయంగా చెప్పాడు.

ఇంకోటి. మాడ్రిడ్‌లో ఆ ప్రజాస్వామ్యం కూడా పేరుకే. ఫ్లోరెంటినో పెరెజ్ 2009లో అధ్యక్షుడిగా తిరిగొచ్చిన దగ్గర్నుంచి 2025 ఎన్నికల దాకా ఆయన మీద ఎవరూ పోటీకే నిలబడలేదు. నిలబడాలంటే ఇరవై ఏళ్ల సభ్యత్వం ఉండాలి, బడ్జెట్‌లో 15 శాతానికి సొంత ఆస్తితో బ్యాంకు గ్యారంటీ తేవాలి. అంత ఉన్నవాడు ఊళ్లో ఎంతమంది? మా క్లబ్‌లో ప్రతి అధ్యక్షుడికీ ఎన్నికల టెన్షన్. అందుకే ఎన్నికలు దగ్గరపడితే ఓ పెద్ద పేరు కొనుక్కొస్తారు.

పెదవాల్తేరు_11:

రెడ్‌డెవిల్ అన్నకి చిన్న మాట. గ్లేజర్లు వచ్చాకే మీ కోచ్ ఫెర్గూసన్ ఐదు లీగ్‌లు, 2008 ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. అప్పు అప్పుడూ ఉంది. 2013లో పోయింది అప్పు కాదు, ఆయన.

టీవీ డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. స్పెయిన్‌లో 2015లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకా ఏ క్లబ్ టీవీ హక్కులు ఆ క్లబ్బే అమ్ముకునేది. మాడ్రిడ్, బార్సిలోనా చెరో పెద్ద ముద్ద తినేస్తే మిగతా వాళ్లకి గంజి. సెవియాతో, వలెన్సియాతో పోల్చినంతవరకూ ఇదే కారణం. 2023-24లో బిలియన్ యూరోల ఆదాయం దాటిన మొదటి ఫుట్‌బాల్ క్లబ్ కూడా మాడ్రిడ్డే.

బొమ్మాబొరుసు:

మీరంతా కారణాలు వెతుకుతున్నారు. అసలు కారణమే లేకపోతే?

నేను లివర్‌పూల్ మనిషిని, ముందే చెప్పేస్తున్నా. 2022లో పారిస్‌లో మాడ్రిడ్‌తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ముప్పై ఆరు నిమిషాలు ఆలస్యమైంది, మనకి రాత్రి ఒంటిగంట దాటింది. బీచ్ రోడ్డులో ఒక మేడ మీద తెర కట్టారు, సముద్రపు గాలికి ఆ తెర ఊగుతూంటే బంతి ఎటు పోతోందో తెలిసేది కాదు. మావాళ్లు ఇరవై నాలుగు షాట్లు కొట్టారు. మాడ్రిడ్ గోల్‌కీపర్ కూర్తువా తొమ్మిది ఆపాడు. వాళ్లు ఒక్కటి వేసి కప్పు పట్టుకుపోయారు.

ఆ ఫైనల్‌కి వచ్చిన దారి చూడండి. పీఎస్‌జీ మీద రెండు మ్యాచ్‌లు కలిపి 2-0 వెనకబడి, అరవై నిమిషాలు దాటాక బెంజెమా మూడు వేశాడు. చెల్సీ మీద సొంత మైదానంలోనే మూడు తిని, ఎనభయ్యో నిమిషంలో లేచారు. సిటీ మీద తొంభయ్యో నిమిషం వచ్చేసరికి 5-3తో పోయినట్టే. రోడ్రిగో నిమిషం తేడాలో రెండు వేశాడు. దీన్ని పద్ధతి అంటారా?

పద్ధతి లీగ్‌లో తెలుస్తుంది. ముప్పై ఎనిమిది మ్యాచ్‌లు ఏ అదృష్టమూ గట్టెక్కించదు. 2016, 17, 18 వరసగా యూరప్ కప్పులు కొట్టారు కదా, ఆ మూడేళ్లలో స్పెయిన్ లీగ్ ఒక్కటే. 2018లో బార్సిలోనా కంటే పదిహేడు పాయింట్లు వెనక, మూడో స్థానం.

సీతమ్మధార_7:

1998 నుంచి మాడ్రిడ్ తొమ్మిది ఫైనల్స్ ఆడింది. తొమ్మిదీ గెలిచింది. బొమ్మ తొమ్మిదిసార్లు వరసగా పడే అవకాశం 512లో ఒకటి. నీ పేరే బొమ్మాబొరుసు కదా, లెక్క నువ్వే చెప్పు.

బొమ్మాబొరుసు:

చెప్తాను. 1998 నుంచి అని గీత ఎందుకు గీశావు? ఒక ఫైనల్ వెనక్కి జరిగితే 1981 వస్తుంది, అదీ పారిస్‌లోనే. అందులో మా చేతిలో 1-0తో ఓడారు. నచ్చిన చోట మొదలుపెడితే ఎవరి లెక్కయినా అందంగానే ఉంటుంది మావా.

1966 తర్వాత మళ్లీ కప్పు 1998లో. మధ్యలో ముప్పై రెండేళ్లు. 2005 నుంచి 2010 దాకా ఆరేళ్లు వరసగా చివరి పదహారు జట్ల దశలోనే ఇంటికి. అప్పుడు ఆ తెల్ల చొక్కా లేదా, డబ్బు లేదా, సొంత స్టేడియం బెర్నబ్యూ లేదా? "ఎప్పుడూ గెలుస్తారు" అన్నది మన జ్ఞాపకం చేసే మాయ.

ఉక్కునగరం_రిటైర్డ్:

ఇందాకట్నుంచి చదువుతున్నాను. బొమ్మాబొరుసు అడిగిన చివరి ప్రశ్న ఈ చర్చ మొత్తానికీ మంచిది. అదే క్లబ్బు, అదే డబ్బు, ఆ ఆరేళ్లలో సగం దాకా అదే పెరెజ్. అప్పుడెందుకు కుదరలేదు, తర్వాతెందుకు కుదిరింది? ఏది మారిందో చూస్తే కారణం దొరుకుతుంది.

నేను స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు చేశాను. ఫుట్‌బాల్ పిచ్చి మా అబ్బాయి అంటించాడు, వాడు ఉద్యోగమని వెళ్లిపోయాడు, పిచ్చి నాకు మిగిలింది. మాకు మూడు బ్లాస్ట్ ఫర్నేసులు, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఫర్నేసు లోపలి ఇటుక ఏళ్ల తరబడి వేడికి అరిగిపోతుంది. ఒకనాటికి ఆపి, మొత్తం విప్పి, కొత్తగా కట్టాలి. నెలల పని. అయితే గోదావరిని ఎప్పుడు ఆపారు? అన్నపూర్ణ వెలిగాక. కృష్ణ వంతు ఆ తర్వాత. కొత్తది రాకుండా పాతది ఆపితే అవతల స్టీల్ మెల్ట్ షాపుకి వేడి లోహం అందదు.

ఇప్పుడు మాడ్రిడ్ మిడ్‌ఫీల్డ్ చూడండి బాబూ. కాసెమిరో, క్రూస్, మోడ్రిచ్. కాసెమిరో 2022లో వెళ్లాడు, క్రూస్ 2024లో ఆపేశాడు, మోడ్రిచ్‌కి నిన్నటిది ఆఖరి మ్యాచ్. ముగ్గురూ ఒకేసారి పోలేదు. కాసెమిరో వెళ్లకముందే ఆ వేసవిలో చువమెని వచ్చి కూర్చున్నాడు. అంతకుముందు ఏడే కమవింగా, పద్దెనిమిదేళ్ల వాడు. వాల్వెర్దె 2016లోనే వచ్చి రిజర్వు జట్టులో ఆడాడు. రోడ్రిగో సిటీ మీద వేసిన ఆ రెండు గోల్స్‌ని అదృష్టం అన్నారు. ఆ సమయానికి క్రూస్, మోడ్రిచ్, కాసెమిరో ముగ్గురూ బెంచీ మీద ఉన్నారు. క్రూస్ బదులు దిగినవాడే రోడ్రిగో. మొదటి గోల్‌కి బంతి లోపలికి ఎత్తి వేసింది కమవింగా. అదృష్టం వచ్చింది, కాదనను. వచ్చేటప్పటికి మైదానంలో అలసిపోని కాళ్లున్నాయి.

2003లో ఏం చేశారు? బెక్‌హామ్‌ని కొన్నారు, మకెలెలెని చెల్సీకి అమ్మేశారు. పేరున్నవాళ్లందరూ ముందు వరసలో, వెనక బంతి లాక్కునేవాడు లేడు. ఆ ఏడు గెలిచిన లీగ్ తర్వాత మళ్లీ లీగ్ 2007లో. 2006లో పెరెజ్ రాజీనామా చేసి వెళ్లాడు. తిరిగొచ్చాక ఆయన కూడా వెంటనే మారలేదు, రొనాల్డోకి 94 మిలియన్ పోశాడు. నా లెక్కలో మార్పు 2013 తర్వాత మొదలైంది. ఆ ఏడు నేమార్ బార్సిలోనాకి పోయాడు. ఎదిగాక కొనబోతే చేజారిపోతున్నారని అర్థమై, ఎదగకముందే కొనడం మొదలుపెట్టారు. వినీషియస్‌తో ఒప్పందం కుదిరినప్పుడు పిల్లాడికి పదహారేళ్లు, ధర 45 మిలియన్. అప్పుడు అందరూ నవ్వారు. 2022, 2024 ఫైనల్స్ రెండింటిలోనూ గోల్ వేసింది ఆ పిల్లాడే.

గాజువాక_రెడ్‌డెవిల్:

బాబాయ్, విప్పిన ఫర్నేసుల్ని ఎవరు కొన్నారో కూడా చెప్పేయండి. 2014లో డి మరియా, 2021లో వరాన్, 2022లో కాసెమిరో. ముగ్గురినీ మేమే కొన్నాం. కాసెమిరోకి ముప్పై ఏళ్లు, నాలుగేళ్ల కాంట్రాక్టు. మాడ్రిడ్‌కి స్క్రాప్ డీలర్లం అయిపోయాం.

ఎంవీపీ_కాటలాన్:

ఉక్కునగరం బాబాయ్ మాట బాగుంది గానీ రెండు చోట్ల ఒప్పుకోను.

పిల్లల్ని ముందే కొనడం లాటరీ. తగిలిన టికెట్లే మీకు కనిపిస్తున్నాయి. రెయినియెర్ అని ఇంకో బ్రెజిల్ కుర్రాడు, 30 మిలియన్ పెట్టారు, మొదటి జట్టుకి ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఓడెగార్డ్‌ని పదహారేళ్లకే తెచ్చారు, ఓపిక పట్టలేక ఆర్సెనల్‌కి అమ్మేశారు. ఈ ఏప్రిల్‌లో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్స్‌లో మాడ్రిడ్‌ని రెండు మ్యాచ్‌ల్లోనూ ఓడించిన జట్టుకి కెప్టెన్ ఎవరు? ఓడెగార్డే.

రెండోది, క్రూస్ పోయాక ఏ ఫర్నేసు వెలిగించారు? ఎవర్నీ తేలేదు. ఈ సీజన్‌లో మేం మాడ్రిడ్‌తో నాలుగు క్లాసికోలు ఆడి నాలుగూ గెలిచాం. పదహారు గోల్స్ వేశాం. పదహారు!

ఉక్కునగరం_రిటైర్డ్:

లాటరీ అన్న మాట ఒప్పుకుంటాను. అయితే వాళ్లు టికెట్లు చాలా కొంటారు, ఒకటి పోతే ఇల్లు అమ్ముకోనక్కర్లేదు. హజార్డ్‌కి వంద మిలియన్ పైన పెట్టారు, నాలుగేళ్లలో ఏడు గోల్స్. మీ కూటిన్యో కంటే అన్యాయమైన బేరం. అయినా ఆ నాలుగేళ్లలో రెండు లీగ్‌లు, ఒక ఛాంపియన్స్ లీగ్ వచ్చాయి. మీకు రెండేళ్లలో మూడు దెబ్బలు తగిలాయి, జీతాల బిల్లు అప్పటికే నెత్తి దాటి ఉంది. తప్పు ఇద్దరూ చేశారు, ఓర్చుకునే శక్తి ఒకరికే ఉంది.

క్రూస్ సంగతి మాత్రం నా మాటకే సాక్ష్యం నాయనా. ముందుగా పెట్టుకోలేదు, దెబ్బ తిన్నారు. అక్కడ ఖాళీ ఉంటే, వినీషియస్ ఆడే ఎడమ వైపే ఆడే ఎంబాపేని తెచ్చారు. ఉచితంగా వచ్చాడనీ, పేరు పెద్దదనీ. 2003 వాసన వస్తోంది.

పెదవాల్తేరు_11:

బార్సిలోనా టీవీ ఆదాయంలో పాతిక శాతాన్ని పాతికేళ్లకి అమ్ముకున్నప్పుడు మాడ్రిడ్ అభిమానులు ఎంత ఎగతాళి చేశారో గుర్తుందా? కొన్నది సిక్స్త్ స్ట్రీట్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ. అదే సంస్థ, అదే 2022లో, బెర్నబ్యూ స్టేడియం వ్యాపారంలో ఇరవై ఏళ్ల వాటాకి మాడ్రిడ్‌కి సుమారు 360 మిలియన్ యూరోలు ఇచ్చింది. బార్సిలోనా ఆ డబ్బుతో జట్టుని నిలబెట్టుకుంది. కౌలు ఇద్దరూ రాసిచ్చారు.

బొమ్మాబొరుసు:

సరే, నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. ఆ రాత్రి ముగ్గురు ముసలాళ్లూ బెంచీ మీదున్న సంగతి నేను గమనించలేదు. ఫైనల్‌లో కూర్తువా తొమ్మిది ఆపడం మాత్రం అదృష్టమే, ఇందులో బేరం లేదు.

బాబాయ్ మాట నిజమైతే పీఎస్‌జీ కథ కూడా అదే. మెస్సీ, నేమార్ 2023లో వెళ్లారు, ఎంబాపే 2024లో. ముగ్గురూ ఉన్నప్పుడు రాని కప్పు ముగ్గురూ పోయాక వచ్చింది, ఫైనల్‌లో ఇంటర్ మీద 5-0. నిన్న రాత్రి సీతమ్మధార టీ చల్లార్చింది కూడా ఆ కుర్రాళ్లే.

సీతమ్మధార_7:

నిన్న ఎంబాపే మా వైపే ఆడాడు. తొంభై నిమిషాలూ చూశాను, ఆ ముక్క గుర్తు చెయ్యకు.

ఉక్కునగరం బాబాయ్, ఒక్కటి అడగాలి. క్రూస్ చోట్లో ఎవర్ని తెమ్మంటారు?

ఉక్కునగరం_రిటైర్డ్:

నన్నడిగితే ఎలా బాబూ. ఎవర్ని తెచ్చినా క్రూస్ ఇంకా ఆడుతుండగానే తేవాల్సింది. ఇప్పుడు తెస్తే రేటు కూడా రెట్టింపు చెప్తారు.